రానీ... రానీ...

డ్వేన్, ఆ కాఫీ కెటిల్ ఇలా తోయి. నా కప్పు ఖాళీ అయి చాలాసేపయింది, ఎవరైనా పోస్తారేమోనని మర్యాదకి చూశాను. సరే, ఇందాకటినుంచి అందరూ ఒకటే మాట అడుగుతున్నారు. తొమ్మిదేళ్ళుగా రోడ్డు మీదే బతుకుతున్న దానివి, ఇంజను చూస్తే ఇంకా గట్టిగానే ఉంది, ఈ ఇంటిబండిని ఎందుకు అమ్మేస్తున్నావు వెర్లా, అని. చెబుతాను. మధ్యలో మాత్రం ఎవరూ నవ్వకండి. నాకు తిక్క రేగితే సగంలో లేచిపోతాను.

జులై నాలుగు పండగ ముందు గురువారం. మోంటానాలో ఆ వారం బండికి చోటు దొరకడం ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు. ఈ మైదానంలో ఇప్పుడు మన పన్నెండు బళ్ళు భుజాలు రాసుకుంటూ ఎందుకు నిలబడ్డాయో అప్పుడూ అదే గొడవ. ఆ రోజు పొద్దున్నించి మూడు క్యాంపులు తిరిగాను. మూడో దాని గేటు దగ్గర చిన్న గదిలో రేంజరు పిల్ల కూర్చుని ఉంది. నేను నోరు తెరవకముందే తల అడ్డంగా ఊపేసింది.

"ఖాళీ లేదు పెద్దమ్మా."

"లోపల నాలుగు చోట్లు ఖాళీగా కనబడుతున్నాయి కదే?"

"అవి రిజర్వు అయినవి. వాళ్ళు రాలేదు."

"రాలేదు కదా, నాకివ్వు."

"రేపొస్తారేమో. ఆర్నెల్ల కిందట పొద్దున ఎనిమిదింటికి కంప్యూటర్లో బుకింగు తెరిచాం. నాలుగు నిమిషాల్లో అన్నీ అయిపోయాయి. మీరప్పుడు ఏం చేస్తున్నారు?"

ఆర్నెల్ల కిందట పొద్దున ఎనిమిదింటికి నేనేం చేస్తున్నాను? మా ఆయన చొక్కాలు మడతపెట్టి అట్టపెట్టెల్లో సర్దుతున్నాను. ఆర్డెన్ పోయి అప్పటికి రెండు నెలలు. ఆ మాట ఆ పిల్లతో అనలేదు. "పళ్ళు తోముకుంటున్నానులే" అని బండి తిప్పుకున్నాను.

అంతకుముందు రోజు రాత్రి ఒక పెద్ద దుకాణం వాకిట్లో ఆపుకున్నాను. పూర్వం ఏమీ అనేవాళ్ళు కాదు. మనవాళ్ళే చెడగొట్టారు. కుర్చీలేసుకుని, గ్రిల్లు వెలిగించి, మురుగు నీళ్ళు అక్కడే వదిలేసి పోయారు. ఇప్పుడెక్కడ చూసినా 'రాత్రి బళ్ళు ఆపరాదు' అని బోర్డు. నిద్ర పట్టే వేళకి తలుపు మీద దబదబా కొట్టారు. లేచి ఇంకోచోటికి వెళ్ళాను. అక్కడా కొట్టారు. తెల్లారేసరికి నాకు ఏడుపొచ్చింది. మా చెల్లెలు బెర్నీస్ కి ఫోన్ చేసి, "ఇవాళ కూడా పడుకోడానికి చోటు దొరక్కపోతే బండి అమ్మేసి నీ పక్క వాటాలోకి వచ్చేస్తానే" అని మాటిచ్చేశాను. మాటైతే ఇచ్చాను గానీ, ఆ వాటాకి ఒకటే కిటికీ. అందులోంచి పక్కింటి గోడ కనిపిస్తుంది.

అసలు నా కష్టం చోటు దొరక్కపోవడం ఒక్కటే కాదు. నాకు బండి వెనక్కి తోలడం రాదు. నవ్వొద్దన్నానా! ముందుకి ఎంత దూరమైనా తోలుతాను, కొండలెక్కిస్తాను. రివర్సు మాత్రం ఎప్పుడూ ఆర్డెన్ దే. ముప్ఫై నాలుగేళ్ళు సెలవులకి మొదట ట్రైలరు, ఆ తర్వాత ఈ ఇంటిబండి, ఏదైనా తోలేది ఆయన, వెనకాల నిలబడేది నేను. చేతిలో వాకీటాకీ, రెండో చేతిలో టార్చి. "రానీ... రానీ... ఎడమకి కొట్టు... రానీ... ఆపు." మన క్యాంపుల్లో సాయంత్రమైతే కుర్చీలేసుకుని కూర్చుని, కొత్తగా వచ్చిన మొగుడూ పెళ్ళాలు రివర్సు చేస్తూ తిట్టుకోవడం తమాషాగా చూస్తారు కదా. మమ్మల్ని చూడ్డానికి మాత్రం ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. మా ఇద్దరికీ ఒక్క మాట ఎక్కువయ్యేది కాదు. ఆ పనిలో మొనగత్తెని నేను, గొప్పకి చెప్పడం లేదు. ఆయన పోయాక ఆ విద్య ఎవరికి కావాలి? వెనకాల నిలబడే మనిషి ఉన్నా తోలేవాడు లేడు. తోలేది నేనే అయితే వెనకాల ఎవరూ లేరు. అందుకని ఇటునుంచి ఎక్కి అటు దిగిపోయే చోట్లు మాత్రమే వెతుక్కునేదాన్ని. అలాంటివి పదింటికి ఒకటి కూడా ఉండవు.

ఆ సాయంత్రం ఒక పెట్రోలు బంకు పక్కన ఆపుకుని ఫోన్లో వెతుకుతున్నాను. ఊరికే ఆపుకునే చోట్ల గురించి మనవాళ్ళు రాసుకుంటారు చూడండి, అందులో. డ్యాం వెనకాల నీళ్ళ ఒడ్డున ఒక చోటు చూపించింది. మామూలుగా అయితే దోమలున్నాయి, కుక్కలు అరుస్తాయి, సిగ్నల్ రాదు అని పేజీలకి పేజీలు రాస్తారు. దాని కింద ఒకే ఒక్క మాట ఉంది.

'చోటుంది.'

పదకొండు మైళ్ళు కంకర రోడ్డు. చివర్న చూస్తే నిజంగానే ఏడు చోట్లు, నంబర్లు కొట్టిన కర్రలు, మంట పెట్టుకునే ఇనప చక్రాలు. ఒక్క బండి లేదు. ఏడోది ఇటు ఎక్కి అటు దిగేది కూడాను. సంతోషం పట్టలేక స్టీరింగు మీద ముద్దు పెట్టాను. రాష్ట్రమంతా చోటు లేక కొట్టుకు చస్తున్న పండగ వారంలో, నీళ్ళ ఒడ్డున ఏడు చోట్లు ఖాళీగా ఎందుకున్నాయని నా బుర్రకి తట్టలేదు. నిద్రలేని మనిషికి బుర్రెక్కడ పనిచేస్తుంది.

సూపు వేడి చేసుకుని తాగి, మెట్టు మీద కూర్చున్నాను. ఎండ ఇంకా కొండల మీద ఉంది. నీళ్ళు కదలడం లేదు. పిట్ట లేదు, దోమ కూడా లేదు. ఆ పక్క ఎండుగడ్డి వాసన వస్తోంది గానీ, దానికింద ఇంకో వాసన. మూలన పడేసి మర్చిపోయిన తడిగుడ్డ వాసన. ఈ చల్లటి పూటకి ఆర్డెన్ ఉంటే పక్కన కూర్చుని, ఏమోయ్ ఇంకో బిస్కెట్టు ఇవ్వు అనేవాడు అనుకున్నాను. అనుకోగానే బెంగ పట్టుకుంది. ఎనిమిది నెలల్లో అంత బెంగ ఎప్పుడూ పట్టలేదు. లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాను.

వేసవిలో మనకి పదింటిదాకా మసక వెలుతురు ఉంటుంది కదా. ఆ మసకలో రోడ్డు మీద కంకర నలిగిన చప్పుడైంది. పాత పికప్ ట్రక్కు, దాని వెనక పొడుగాటి ట్రైలరు. లైట్లు లేవు. రాత్రి ఆలస్యంగా వచ్చినప్పుడు పక్కవాళ్ళ నిద్ర పాడుచేయకూడదని మనం కూడా లైట్లు తగ్గిస్తాం కదా, మర్యాదస్తుడే అనుకున్నాను. నా బండి ముందుకొచ్చి, దారికి అడ్డంగా ఆగింది. కాసేపటికి నా తలుపు దగ్గర గొంతు. మెల్లిగా...

"అమ్మా... పడుకున్నారా?"

"లేదు. ఎవరు?"

"ఆరో నంబర్లో పెట్టుకోవాలి. మా ఆవిడ ముందే దిగిపోయింది. వెనకాల నిలబడేవాళ్ళు లేరు. ఒక్క రెండు నిమిషాలు..."

ఈ సాయం మనలో ఎవరైనా కాదంటారా? అర్ధరాత్రి లేపినా వెళ్తాం. అసలు నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్ళంతా ఉత్సాహం వచ్చేసింది. ఎనిమిది నెలల తర్వాత నాతో ఒకరికి పనిపడింది. అదీ నాకొచ్చిన పనితో.

"వస్తున్నా ఉండు నాయనా. రేడియో తెచ్చుకుంటాను."

"మూడో ఛానెల్లో మాట్లాడతాను" అన్నాడు.

మేము కూడా ఎప్పుడూ మూడే వాడేవాళ్ళం. పోనీ చాలామంది మూడే పెట్టుకుంటారేమో. రేడియోలు రెండూ డ్రైవరు సీటు పక్క సొరుగులో ఉన్నాయి, ఎనిమిది నెలలుగా ఛార్జి పెట్టలేదు. ఒకటి తీసి మీట నొక్కితే టక్కున వెలిగింది. నిండుగా ఛార్జి చూపించింది. ఆ తొందర్లో అదీ పట్టించుకోలేదు. నేను దిగేసరికి ఆయన ట్రక్కులోకి ఎక్కేశాడు. మొహం చూడలేదు.

ట్రైలరు వెనక్కి వెళ్ళి, డ్రైవరు అద్దంలో కనబడే పక్కన నిలబడి టార్చి ఎత్తాను. ముప్ఫై నాలుగేళ్ళ గొంతు దానంతటదే వచ్చేసింది.

"రానీ... రానీ... కుడికి కొట్టు... చాలు. రానీ..."

ఎంత బాగా తోలుతున్నాడో! చెప్పిన మాట చెప్పినట్టు. ఆర్డెన్ కూడా అంత శ్రద్ధగా వినేవాడు కాదు. ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ పిలుస్తున్నాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నవ్వుకుంటున్నాను కూడా. కాళ్ళ కింద కంకర అయిపోయింది. మెత్తటి నేల వచ్చింది. ఆరో నంబరు ఇంత పొడుగా అనుకున్నాను.

"ఆపు నాయనా. చాలు."

రేడియోలో ఆయన గొంతు. "ఇంకా చోటుందమ్మా."

"లేదు, నీళ్ళొచ్చేశాయి. ఆపు."

"మీరు అద్దంలో కనబడటం లేదు... కొంచెం ఎడమకి జరగండి."

జరిగాను. ఇక్కడే నేను చేసిన తప్పు. వెనకాల నిలబడ్డ మనిషి కనబడకపోతే తోలేవాడు గుడ్డివాడే కదా. కనబడటం లేదు అన్న మాట చెవిన పడితే చాలు, ఆలోచించకుండా కాళ్ళు వాటంతటవే జరుగుతాయి. అలవాటు. ముప్ఫై నాలుగేళ్ళ అలవాటు. నీళ్ళు చెప్పుల్లోకి వచ్చాయి.

"ఇంకొంచెం వెనక్కి... ఆ... ఇప్పుడు చెయ్యి కనబడుతోంది. మొహం కనబడటం లేదు."

ఇంకో అడుగు. మోకాళ్ళ దాకా వచ్చాయి. చల్లగా లేవు ఆ నీళ్ళు. గోరువెచ్చగా... ఎవరో అప్పుడే స్నానం చేసి లేచిన తొట్టిలో నీళ్ళలా.

ట్రైలరు వస్తూనే ఉంది. చక్రాలు నీళ్ళలోకి దిగాయి. చప్పుడు లేదు. నీళ్ళు చీలలేదు. ఒక్క అల కూడా లేవలేదు.



"ఆపు! ఆపు!" అని చేతులు రెండూ అడ్డంగా ఊపాను. ఆయన్ని చూడాలని అద్దంలోకి చూశాను. తోలేవాడి మొహం మనకి కనబడితేనే మనం వాడికి కనబడతాం. అద్దంలో మొహం లేదు. నేనే కనబడ్డాను, నడుము దాకా నీళ్ళలో, చేతిలో టార్చితో.

నా వెనకాల... ఇంకో టార్చి.

నా దాని కంటే కాస్త కిందుగా ఉంది. నీళ్ళకి దగ్గరగా. అటూ ఇటూ ఊగుతోంది.

రేడియోలో ఆడగొంతు వినబడింది. మెల్లిగా... ఓపిగ్గా... అచ్చం నేను పిలిచినట్టే.

"రానీ... రానీ..."

ట్రైలరుని కాదు. నన్ను.

వెనక్కి తిరగలేదు. తిరిగి ఉంటే ఇవాళ ఇక్కడ మీ కాఫీ తాగుతూ ఉండేదాన్ని కాదు. రేడియో నీళ్ళలో పడేసి, ట్రైలరుని పట్టుకుని దాని పక్కనుంచే ముందుకి నడిచాను. రేకు నిండా నాచు. చెయ్యి జారిపోతోంది. లోపల ఎక్కడో నీళ్ళు చుక్కలు చుక్కలుగా కారుతున్న చప్పుడు. ట్రక్కు దాకా వచ్చాను. డ్రైవరు పక్క కిటికీ అద్దం పూర్తిగా దించి ఉంది. లోపల కంటి ఎత్తు దాకా నీళ్ళు. తెరిచిన కిటికీలోంచి ఒక్క చుక్క బయటికి పడటం లేదు. లోపల ఏముందో చూడలేదు. చూడాలనిపించింది, అదే భయమేసింది.

బండెక్కి తలుపు గడియ పెట్టి ఇంజను వేశాను. ముందు దారికి అడ్డంగా ట్రక్కు. ఇక ఉన్నది ఒకటే దారి... వెనక్కి. వచ్చిన దారినే రివర్సు. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క కొండ, మధ్యలో బండి పట్టేంత రోడ్డు. నేనేమో జీవితంలో ఒక్కసారి కూడా... దేవుడా, అని గట్టిగా ఏడ్చాను. ఆర్డెన్ ని తిట్టాను కూడా, చచ్చిపోయినందుకు. అంతవరకూ తిట్టలేదు నేను.

సొరుగులో రెండో రేడియో మాట్లాడింది.

"భయపడకండమ్మా. నేను నిలబడతాను వెనకాల. మీరు నాకు చేశారు కదా."

అద్దంలో టార్చి వెలిగింది.

"ఎడమకి కొట్టండి... రానీ..."

నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం నా చేతులు ఎడమకే తిరిగాయి. భయంతో కాదు. ఎవరో ఒకరు వెనకాల ఉన్నారన్న ధైర్యంతో. అంత ఒంటరిదాన్నైపోయాను నేను. తర్వాత ఎడమ పక్క నీళ్ళు మెరిశాయి. స్టీరింగు కుడికి కొట్టేశాను. అక్కడినుంచి టార్చి ఎటు పిలిస్తే దానికి ఎదురు తోలాను. ఎడమ అంటే కుడికి. రానీ అంటే బ్రేకు. ఆపండి అంటే వెనక్కి. నంబర్ల కర్రలు రెండు విరిగాయి, వెనక లైటు పగిలింది, కొండకి రాసుకుని పక్క రేకంతా చీరుకుపోయింది. ఎంతసేపో తెలీదు. బండి తిప్పుకునేంత వెడల్పు రాగానే తిప్పేసి, మళ్ళీ అద్దంలోకి చూడకుండా పదకొండు మైళ్ళు వచ్చేశాను.

తిన్నగా ఆ దుకాణం వాకిలికే వెళ్ళాను. 'రాత్రి బళ్ళు ఆపరాదు' బోర్డు కిందే, దీపం వెలుతుర్లో ఆపాను. పది నిమిషాల్లో తలుపు దబదబా కొట్టారు. ట్వైలా అని, నాకంటే రెండింతల లావున్న కాపలా మనిషి.

"ఇక్కడ ఆపకూడదు మామ్మగారూ. తీయండి" అంది.

ఆవిడ మెడ చుట్టూ చేతులేసి ఏడ్చాను. నడుము దాకా తడిసి ఉన్నాను. నన్ను కిందికీ పైకీ చూసి, "సరే, పొద్దున్నదాకా ఉండండి. నేనిక్కడే తిరుగుతూ ఉంటాను" అంది. ఆ రాత్రి మూడుసార్లొచ్చి కిటికీలోంచి చూసి వెళ్ళింది. బంగారంలాంటి మనిషి.

అదీ సంగతి. ఆ రాత్రి తర్వాత రివర్సు గేరు ముట్టుకోలేదు నేను. ఇటెక్కి అటు దిగే చోటు దొరికితే ఉన్నాను, లేకపోతే తోలుతూనే ఉన్నాను. ఇలా ఎన్నాళ్ళు? రేపు మంగళవారం బిల్లింగ్స్ లో బండి అప్పగించేస్తున్నాను. ఇక్కడ ఒక్క రాత్రి గడిస్తే అయిపోతుంది.

ఇవాళ సాయంత్రం మీరంతా చూశారు కదా, నేనొచ్చేసరికి మిగిలింది ఆ కాలవ పక్క మూల ఒక్కటే. వెనక్కి పెట్టుకోవాల్సిందే. గంటసేపు గేటు దగ్గరే కూర్చున్నాను. ఇంత ఎండ ఉంది, ఇంతమంది జనం ఉన్నారు, పిల్లలు సైకిళ్ళు తొక్కుతున్నారు, ఏమవుతుందిలే అనుకుని గేరు వేశాను. వేయగానే అద్దంలోకి ఒకావిడ వచ్చి నిలబడింది. నీలం కోటు వేసుకుంది. ఎంత ఓపిగ్గా చెయ్యి ఊపిందో! మీలో ఒకరు నన్ను చూసి జాలిపడి వచ్చారనుకుని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ రమ్మన్నట్టల్లా వచ్చాను. చక్రం కింద నేల జారినట్టనిపించి నేనే బ్రేకు తొక్కాను. అప్పటికీ చెయ్యి ఊపుతూనే ఉంది. దిగి చూస్తే వెనక చక్రానికీ గట్టు అంచుకీ మధ్య జానెడు లేదు. ఎవతె ఇది, నన్ను కాలవలోకి తోసేసేది కదా, నాలుగు చీవాట్లు పెడదామని వెనక్కి పరిగెత్తాను.

మీలో నీలం కోటు ఎవరికుంది? నీకు లేదు. నీకూ లేదు. డ్వేన్, మీ ఆవిడకి? ... లేదా? అదే అనుకున్నాను.

ఆవిడ నిలబడ్డ చోటు చూశాను. అక్కడ నేల లేదు. కాలవే. లోతుగా ఉంది, నీళ్ళు ఒరుసుకుపోతున్నాయి. గట్టు మీద రాయి ఒక్కటి తడిసి ఉంది.

అందుకే కుర్చీ కూడా తెచ్చుకోకుండా వచ్చి మీ మంట దగ్గర కూర్చున్నాను. మూడు గంటలైంది. మీరేమో ఆవలిస్తున్నారు, ఒక్కొక్కరూ లేస్తున్నారు. మీ బళ్ళలో ఇరుకని నాకు తెలుసు. ఎవరినీ ఎప్పుడూ ఏమీ అడిగిన దాన్ని కాదు నేను, ఆర్డెన్ ఉంటే చెప్పేవాడు. ఈ ఒక్క రాత్రికి నన్ను ఎవరైనా లోపల పడుకోనిస్తారా? మంచం అక్కర్లేదు, నేల మీద దుప్పటి పరుచుకుంటాను. నన్ను ఒక్కదాన్నే రానిచ్చి తలుపేసేయండి.